థైరాయిడ్, మెగ్నీషియం: తక్కువైందా, టైము తప్పిందా?

మొన్న సంక్రాంతికి మా పెద్దక్క పరకాల నుంచి వస్తూ సకినాల డబ్బాతో పాటు ఇంకో డబ్బా పట్టుకొచ్చింది. తెల్లటి ప్లాస్టిక్ డబ్బా, మీద మెగ్నీషియం గ్లైసినేట్ అని ఉంది. బిడ్డ ఆన్‌లైన్‌లో తెప్పించి ఇచ్చిందట. ఇంకా సీలు తీయలేదు. "తమ్మీ, నాకు మెగ్నీషియం తక్కువైందట. అందుకే థైరాయిడ్ కంట్రోల్ అయితలేదు. ఇది వేసుకోవాల్నా, ముందు టెస్ట్ చేయించుకోవాల్నా?" అని అడిగింది.

అక్కకు పదకొండేళ్లుగా హైపోథైరాయిడ్, అంటే థైరాయిడ్ గ్రంథి తక్కువగా పనిచేసే జబ్బు, ఉంది. రోజూ 75 మైక్రోగ్రాముల గోలి వేసుకునేది, టీఎస్‌హెచ్ 3 చుట్టూ నిలకడగా ఉండేది. గ్రంథిని పనిచేయమని మెదడు దగ్గర్నుంచి వచ్చే హార్మోన్ అది, థైరాయిడ్ తగ్గితే అది పెరుగుతుంది. ఏడాదిన్నర నుంచి లెక్క తప్పింది. ఒకసారి 7, ఇంకోసారి 11. డాక్టర్ గోలిని 88కి, తర్వాత 100కి పెంచారు. దానికి తోడు రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం, మలబద్ధకం, నిద్ర పట్టకపోవడం. ఈ మూడూ కలిపి ఫోన్‌ని అడిగితే అది చెప్పే జవాబు ఒక్కటే: మెగ్నీషియం.

నేను డాక్టర్ని కాను. పద్దెనిమిదేళ్లుగా హన్మకొండలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో బయోకెమిస్ట్రీ మెషిన్ దగ్గర పనిచేస్తున్నా. మందు రాసే అధికారం నాకు లేదు. కానీ గొట్టంలోకి వచ్చిన రక్తం ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో రోజూ చూసే పని నాది. ఈ మధ్య డాక్టర్ చిట్టీ లేకుండానే కౌంటర్ దగ్గరికొచ్చి "థైరాయిడ్‌తో పాటు మెగ్నీషియం కూడా చూడండి" అనేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్లందరికీ నిలబడి చెప్పడానికి టైము ఉండదు కాబట్టి ఇది రాస్తున్నా.

అక్కకు నేను ముందు ఏ టెస్టూ చెప్పలేదు. "నీ మందుల సంచి తీయి" అన్నా.

సంచిలో ఏముంది

థైరాయిడ్ గోలీల సీసా. పాంటోప్రజోల్ గోలీలు, అదే మనం గ్యాస్ గోలి అనేది. గులాబీ రంగు గ్యాస్ సిరప్. మలబద్ధకానికి తెల్లటి సిరప్. మోకాళ్ల నొప్పులకు ఎవరో రాసిచ్చిన క్యాల్షియం గోలీలు.

ఏది ఎప్పుడు వేసుకుంటావని అడిగా. పొద్దుగాల అయిదింటికి లేచి థైరాయిడ్ గోలి, గ్యాస్ గోలి రెండూ ఒకే గుక్కలో మింగుతుంది. "రెండూ పరగడుపునే కదా రాసింది" అంది. ఆ మాటలో తప్పేం లేదు, చిట్టీలో అట్లనే ఉంటుంది. అరగంటకు చాయ్. చాయ్ తాగినంక గుండెల్లో మంటగా అనిపిస్తే గులాబీ సిరప్ రెండు చెంచాలు. ఎనిమిదింటికి టిఫిన్ అయ్యాక క్యాల్షియం. రాత్రి పడుకునే ముందు తెల్ల సిరప్ మూడు చెంచాలు.

ఇప్పుడు సీసాల వెనక ఉన్న చిన్న అక్షరాలు చదవండి. గులాబీ సిరప్‌లో ఉన్నది అల్యూమినియం హైడ్రాక్సైడ్, మెగ్నీషియం హైడ్రాక్సైడ్. తెల్ల సిరప్‌లో ముఖ్యమైన మందు మిల్క్ ఆఫ్ మెగ్నీషియా, అంటే అదీ మెగ్నీషియం హైడ్రాక్సైడే. క్యాల్షియం గోలీలో క్యాల్షియంతో పాటు మెగ్నీషియం, జింక్, విటమిన్ డి3. మామూలు మిల్క్ ఆఫ్ మెగ్నీషియాలో 5 మిల్లీలీటర్లకు 400 మిల్లీగ్రాముల మెగ్నీషియం హైడ్రాక్సైడ్ ఉంటుంది. అందులో అసలు మెగ్నీషియం సుమారు 167 మిల్లీగ్రాములు. ఆ లెక్కన మూడు చెంచాలు తాగితే 500 మిల్లీగ్రాములు లోపలికి పోయినట్టే. అందులో ఎక్కువ భాగం ఒంటికి పట్టకుండా బయటికి పోతుందనుకోండి, ఆ మందు పని చేసే తీరే అది. అయినా మెగ్నీషియం తక్కువైందని బాధపడుతున్న అక్క ఏడాదిన్నరగా రోజుకు రెండు మూడు పూటలు మెగ్నీషియమే తీసుకుంటోంది!

థైరాయిడ్ గోలీలో ఉండేది లీవోథైరాక్సిన్. అది పేగులో కరిగి రక్తంలోకి ఎక్కాలి. దారిలో క్యాల్షియం, ఇనుము, అల్యూమినియం, మెగ్నీషియం లాంటివి ఎదురైతే అందులో కొంత వాటికి అతుక్కుపోయి, రక్తంలోకి ఎక్కకుండానే మలంతో బయటికి పోతుంది. అందుకే ఈ గోలికీ, యాంటాసిడ్, క్యాల్షియం, ఐరన్ గోలీలకూ మధ్య 4 గంటలు ఎడం ఉండాలని మందు కాగితంలోనే రాస్తారు. ఆ కాగితాన్ని ఎవరూ చదవరు. సన్నగా మడిచి ఉంటుంది, తెలుగులో ఉండదు, విప్పితే మళ్లీ మడవడం రాదు.

ఒక్క మాట నిజాయితీగా చెప్పాలి. ఈ అతుక్కునే గుణానికి క్యాల్షియం, ఐరన్, అల్యూమినియం విషయంలో గట్టి రుజువులు ఉన్నాయి. గ్లైసినేట్ లాంటి కొత్త రకం మెగ్నీషియం ఎంతవరకు అడ్డుపడుతుందో అంత గట్టిగా తేలలేదు. అయినా ఎడం పాటించడానికి పైసా ఖర్చు లేదు కాబట్టి అన్ని రకాలకూ అదే నియమం పెట్టుకోవడం మేలు.

గ్యాస్ గోలి సంగతి ఇంకొంచెం చిక్కు. లీవోథైరాక్సిన్ గోలి బాగా కరగాలంటే కడుపులో పులుపు, అంటే ఆమ్లం, కావాలి. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి ఆమ్లాన్ని రోజంతా తగ్గిస్తాయి కాబట్టి గంటో రెండు గంటలో ఎడం ఇచ్చినంత మాత్రాన ఆ చిక్కు పూర్తిగా పోదు. కడుపులో ఆమ్లం తగ్గిన థైరాయిడ్ పేషెంట్లకు గోలి డోసు దాదాపు 22 నుంచి 34 శాతం ఎక్కువ కావాల్సి వచ్చిందని 2006లో ఇటలీ పరిశోధకులు చూపించారు. అదే గ్యాస్ గోలీని నెలలూ ఏళ్లూ వాడితే పేగు మెగ్నీషియంను పీల్చుకునే శక్తి కూడా తగ్గుతుంది. 2011లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని మీద హెచ్చరిక ఇచ్చింది. తమ దృష్టికి వచ్చిన కేసుల్లో దాదాపు నాలుగో వంతు మందికి మెగ్నీషియం గోలీలు ఇచ్చినా సరిపోలేదనీ, గ్యాస్ మందు ఆపితే తప్ప మెగ్నీషియం నిలవలేదనీ చెప్పింది.

చూడండి ఎట్లా తిరుగుతుందో. థైరాయిడ్ తగ్గితే పేగు కదలిక మందగిస్తుంది. మలబద్ధకం, పొట్ట ఉబ్బరం వస్తాయి. వాటికి గ్యాస్ గోలి, సిరప్‌లు. అవి థైరాయిడ్ గోలీని ఎక్కనివ్వవు. థైరాయిడ్ ఇంకా తగ్గుతుంది, పేగు ఇంకా మందగిస్తుంది. రిపోర్టులో టీఎస్‌హెచ్ పెరిగింది కాబట్టి డాక్టర్ డోసు పెంచుతారు. సిరప్‌ల సంగతి ఆయనకు తెలియదు. ఎందుకంటే సిరప్‌ని మనం మందు అనుకోం. డాక్టర్ "ఇంకేమైనా వాడుతున్నారా" అంటే లేదనే చెప్తాం.

ఇక్కడ ఇంకో ప్రమాదం ఉంది. ఇది చదివి రేపు పొద్దున్నే సిరప్‌లన్నీ ఆపేశారనుకోండి. అప్పటికే డోసు పెరిగి ఉంది. అడ్డు తొలగిపోయింది కాబట్టి గోలి ముందుకన్నా ఎక్కువ ఒంటికి పడుతుంది. కొన్ని వారాల్లో టీఎస్‌హెచ్ మరీ కిందికి పడిపోయి గుండె దడ, చేతుల వణుకు, చెమటలు మొదలవ్వొచ్చు. వయసు మీద పడినవాళ్లలో గుండె లయ తప్పడం, ఎముకలు గుల్లబారడం దాకా పోవచ్చు. మార్పు చేసేముందు డాక్టర్‌కు చెప్పాలి. చేశాక 6 నుంచి 8 వారాలకు టీఎస్‌హెచ్ మళ్లీ చూపించుకోవాలి. థైరాక్సిన్ రక్తంలో సగానికి తగ్గడానికే దాదాపు ఏడు రోజులు పడుతుంది కాబట్టి పది రోజులకే టెస్ట్ చేయించుకుంటే వచ్చే అంకె పాత కథే చెప్తుంది.

మరి టెస్ట్ చేయిస్తే తెలియదా?

తెలుస్తుంది. మనం అనుకున్నంత తెలియదు.

పెద్దవాళ్ల ఒంట్లో మొత్తం 25 గ్రాముల దాకా మెగ్నీషియం ఉంటుంది. సగానికి పైగా ఎముకల్లో, మిగిలిన దాంట్లో చాలా వరకు కండరాల్లో, ఇతర కణాల్లో. రక్తంలో ఉండేది ఒక్క శాతం కూడా కాదు. మేం కొలిచే సీరం మెగ్నీషియం, అంటే కణాలు తీసేసిన రక్తపు ద్రవంలోది, ఆ ఒక్క శాతంలోదే. పాతకాలంలో మా తాత ఇంట్లో వడ్ల గుమ్మి ఉండేది, వంటింట్లో బియ్యం డబ్బా ఉండేది. గుమ్మి అడుగంటుతున్నా నానమ్మ డబ్బాను మాత్రం నిండుగా ఉంచేది. వచ్చిన చుట్టానికి డబ్బానే కనిపిస్తుంది. ఒళ్లు కూడా అంతే. గుండెకూ నరాలకూ రక్తంలోని మెగ్నీషియం నిలకడగా ఉండాలి, అందుకని ఎముకల నుంచి, కణాల నుంచి తీసి రక్తాన్ని నింపుతుంది. కిడ్నీ మూత్రంలో పోయేదాన్ని పట్టి ఆపుతుంది. కాబట్టి సీరం మెగ్నీషియం తక్కువ వస్తే దాన్ని నమ్మి కారణం వెతకాలి. నార్మల్ వస్తే మాత్రం లోపం లేదని గట్టిగా చెప్పలేం.

మా దగ్గర నార్మల్ అంటే డెసీలీటరుకు 1.7 నుంచి 2.4 మిల్లీగ్రాముల చుట్టూ ఉంటుంది, ల్యాబును బట్టి కొంచెం అటూ ఇటూ. కొన్ని ల్యాబులు మిల్లీమోల్స్‌లో ఇస్తాయి. లీటరుకు 1 మిల్లీమోల్ అంటే డెసీలీటరుకు 2.43 మిల్లీగ్రాములు. ఒక చోట 0.8 వచ్చిందనీ ఇంకో చోట 1.9 వచ్చిందనీ కంగారుపడి ఫోన్ చేసినవాళ్లున్నారు. రెండూ దాదాపు ఒకటే. కింది హద్దును 0.85 మిల్లీమోల్స్, అంటే సుమారు 2.07 మిల్లీగ్రాములకు పెంచాలని వాదించే పరిశోధకులూ ఉన్నారు. ఇంకా ఎటూ తేలలేదు. తిమ్మిర్లు, వణుకు, ఫిట్స్, గుండె లయ తప్పడం లాంటి గట్టి లక్షణాలు సాధారణంగా 1.2 మిల్లీగ్రాముల కిందికి పడ్డాక కనిపిస్తాయి.

రక్తం తీయడంలోనూ తిప్పలున్నాయి. ఎర్ర రక్తకణాల లోపల మెగ్నీషియం సీరంలో కన్నా దాదాపు మూడు రెట్లు ఎక్కువ. సన్నటి నరంలో సూది గుచ్చి సిరంజిని గట్టిగా లాగినా, గొట్టాన్ని కుదిపేసినా కణాలు పగిలి సీరం ఎర్రగా దిగుతుంది. హీమోలైజ్ అయిందంటాం. అప్పుడు లోపలిది బయటికొచ్చి మెగ్నీషియం అసలు కన్నా ఎక్కువ చూపిస్తుంది. దీనికి పూర్తి ఉల్టా ఇంకోటి. రక్తకణాలను లెక్కపెట్టే సీబీపీ టెస్టుకు వాడే ఊదా మూత గొట్టంలో, రక్తం గడ్డకట్టకుండా ఆపే ఈడీటీఏ అనే పొటాషియం లవణం ఉంటుంది. అది క్యాల్షియంను, మెగ్నీషియంను పట్టేసుకుంటుంది. పొరపాటున ఆ గొట్టంలోంచి నాలుగు చుక్కలు పసుపు మూత గొట్టంలోకి పోశారంటే మెగ్నీషియం, క్యాల్షియం రెండూ దిగిపోయి, పొటాషియం ఆకాశానికి ఎక్కుతుంది. అలాంటి రిపోర్టు చూస్తే మాకు వెంటనే అనుమానం వస్తుంది, మళ్లీ శాంపిల్ పిలిపిస్తాం. ఇంటికొచ్చి రక్తం తీసుకుపోయే కుర్రాళ్లు నాలుగు వీధులు తిరిగి మధ్యాహ్నానికి ల్యాబుకు చేరితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

"అయితే ఆర్‌బీసీ మెగ్నీషియం చేయించుకుంటా" అనే చదువుకున్నవాళ్లు ఈ మధ్య వస్తున్నారు. కణాల లోపలి మెగ్నీషియంను కొలిచే టెస్ట్ అది. ఆలోచన బాగుంది. కానీ చిన్న ల్యాబుల్లో చేయరు, శాంపిల్‌ని హైదరాబాద్‌కో అంతకన్నా దూరానికో పంపిస్తారు. ల్యాబుకీ ల్యాబుకీ హద్దులు వేరు. కండరాల్లో, ఎముకల్లో ఎంతుందో అదీ నేరుగా చెప్పదు. ఖర్చుకు తగ్గ జవాబు దొరకదనే నా అభిప్రాయం. 24 గంటల మూత్రం పరీక్ష వేరే పనికి ఉపయోగపడుతుంది. సీరం తక్కువని తేలాక, మెగ్నీషియం కిడ్నీ దారిన పోతోందా పేగు దారిన పోతోందా అని వెతకడానికి డాక్టర్లు రాస్తారు. సెలైన్‌లో మెగ్నీషియం ఎక్కించి మూత్రంలో ఎంత తిరిగొచ్చిందో చూసే పరీక్ష కూడా ఉంది, అది ఆసుపత్రి పని. ఇక వెంట్రుకలు కత్తిరించి పంపేవి, అరచేతిలో ఇనుప కడ్డీ పట్టిస్తే నిమిషంలో ముప్పై పేజీల రిపోర్టు ఇచ్చే క్వాంటం మెషిన్ల క్యాంపులు! ఆ కడ్డీకి మెగ్నీషియం కొలిచే శక్తి ఉంటే మేం ఇన్ని రసాయనాలు కొని మెషిన్లు పెట్టుకోవడం దేనికి?

ఇంకొకటి, థైరాయిడ్ టెస్టుకే సంబంధించింది. జుట్టు రాలుతోందని బయోటిన్ గోలీలు వాడేవాళ్లు చాలామంది. ఎక్కువ డోసు బయోటిన్ కొన్ని మెషిన్లలో టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికన్నా తక్కువగా, టీ4ను, అంటే గ్రంథి చేసే థైరాక్సిన్ హార్మోన్ను, ఎక్కువగా చూపిస్తుంది. మెగ్నీషియం, జింక్, బయోటిన్ అన్నీ కలిపిన డబ్బాలూ దొరుకుతున్నాయి. అలాంటివి వాడుతుంటే డాక్టర్‌ని అడిగి రెండు మూడు రోజుల ముందు ఆపి టెస్టుకు రండి. కనీసం శాంపిల్ ఇచ్చేటప్పుడు చెప్పండి.

థైరాయిడ్‌కూ మెగ్నీషియంకూ అసలు చుట్టరికం ఉందా

ఉంది, కాకపోతే వాట్సాప్‌లో తిరిగేంత దగ్గరి చుట్టరికం కాదు. "మెగ్నీషియం లేకపోతే టీ4 టీ3గా మారదు" అని ఒక మాట ప్రచారంలో ఉంది. టీ3 అంటే ఒంట్లో ఎక్కువ చురుగ్గా పనిచేసే రూపం. ఆ మార్పు చేసే ఎంజైములు సెలీనియం మీద ఆధారపడ్డవి. మెగ్నీషియం కణంలో శక్తి ఖర్చయ్యే ప్రతి చోటా కావాలి, అయోడిన్‌ను గ్రంథిలోకి లాగే పంపుకు కూడా ఆ దారిలోనే అవసరం. కరెంటు లేకపోతే మిల్లు ఆడదన్నట్టు అన్నమాట. నిజమే, కానీ మిల్లు ఆగిన ప్రతిసారీ కరెంటు పోయినట్టు కాదు కదా.

థైరాయిడ్ జబ్బే మెగ్నీషియంను అటూ ఇటూ చేస్తుంది, అదీ రెండు రకాలుగా. హైపర్‌థైరాయిడ్‌లో, అంటే గ్రంథి ఎక్కువగా పనిచేసేవాళ్లలో, మూత్రం దారిన మెగ్నీషియం ఎక్కువ పోతుంది. రక్తంలో తగ్గడం వీళ్లలోనే ఎక్కువ చూస్తాం. వీళ్లకు ముందే గుండె దడ ఉంటుంది, మెగ్నీషియం, పొటాషియం కూడా తగ్గితే లయ తప్పే భయం పెరుగుతుంది. కాబట్టి వీళ్లకు డాక్టర్లు ఈ టెస్టులు రాయడంలో అర్థముంది. హైపోలో దీనికి ఉల్టా. కిడ్నీ గుండా పోయే రక్తం కొంత తగ్గుతుంది, బయటికి పోయే మెగ్నీషియం తగ్గుతుంది, సీరం అంకె నార్మల్‌గానో కొంచెం పైనో ఉండొచ్చు. మన దగ్గర మెగ్నీషియం గోలీల కోసం పరుగెత్తేవాళ్లలో ఎక్కువమంది హైపో వాళ్లే కావడం విచిత్రం.

చైనాలో 1,257 మంది మీద చేసిన ఒక అధ్యయనం 2018లో వచ్చింది. సీరం మెగ్నీషియం మరీ తక్కువ ఉన్నవాళ్లలో, అంటే 0.55 మిల్లీమోల్స్ లేదా అంతకన్నా కింద ఉన్నవాళ్లలో, థైరాయిడ్ యాంటీబాడీలు (గ్రంథి మీద ఒళ్లే దాడి చేస్తోందనడానికి గుర్తు), హైపోథైరాయిడ్ ఎక్కువగా కనిపించాయి. దీన్నే చూపించి మెగ్నీషియం డబ్బాలు అమ్ముతున్నారు. రెండు సంగతులు మర్చిపోతున్నారు. 0.55 అంటే మన లెక్కలో 1.3, చాలా తక్కువ. కౌంటర్ దగ్గర మాకు కనిపించే 1.8, 1.9 గురించి ఆ మాట కాదు. పైగా అది ఒకే సమయంలో రెండూ కొలిచిన అధ్యయనం. ఏది ముందు, ఏది తర్వాత అని అది చెప్పలేదు. 2021లో ఇరాన్ నుంచి ఇంకో ప్రయోగం వచ్చింది, అందులో హైపో పేషెంట్లకు జింక్, విటమిన్ ఎ, మెగ్నీషియం మూడూ కలిపి ఇచ్చారు. కొంత గుణం కనిపించినా ఆ పేరు మూడింట్లో దేనికివ్వాలి?

పిక్కలు పట్టేయడం సంగతి చెప్పాలి, ఎందుకంటే బిడ్డ ఆ డబ్బా తెప్పించింది ముఖ్యంగా అందుకే. అప్పటిదాకా వచ్చిన ప్రయోగాలన్నీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష 2020లో, పెద్ద వయసువాళ్లలో రాత్రిపూట పిక్కలు పట్టేయడానికి మెగ్నీషియం పెద్దగా పనిచేసే అవకాశం లేదని తేల్చింది. హైపోథైరాయిడే కండరాలను బిగిస్తుంది, టీఎస్‌హెచ్ 11 ఉన్నప్పుడు పిక్కలు పట్టేయడంలో వింతేముంది? విటమిన్ డి తగ్గినా, క్యాల్షియం తగ్గినా కండరాలు ఇబ్బంది పెడతాయి. తిమ్మిర్లయితే బీ12 కూడా చూడాలి.

నా మాటగా చెప్పాలంటే థైరాయిడ్ ఉన్నంత మాత్రాన మెగ్నీషియం టెస్ట్ అక్కర్లేదు. ఏళ్ల తరబడి గ్యాస్ గోలి వాడుతున్నవాళ్లు, బీపీకో కాళ్ల వాపుకో మూత్రం ఎక్కువ పోయే గోలీలు వాడేవాళ్లు, షుగర్ అదుపులో లేనివాళ్లు, రోజూ మద్యం తాగేవాళ్లు, నెలల తరబడి విరేచనాలతో బాధపడేవాళ్లు, గుండె లయ తప్పినవాళ్లు, వీళ్లకు మెగ్నీషియం చూడటం దండగ కాదు. పొటాషియం గానీ క్యాల్షియం గానీ ఎంత ఇచ్చినా పైకి రానప్పుడు మెగ్నీషియం తప్పకుండా చూడాలి, అది లేకుండా ఆ రెండూ నిలవవు. థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత మూతి చుట్టూ, వేళ్లకు తిమ్మిర్లొచ్చి క్యాల్షియం పడిపోయినవాళ్లకు ఈ మాట మరీ ముఖ్యం. ఇంకో చిన్న గుంపు ఉంది. టైము తప్పకుండా వేసుకున్నా థైరాయిడ్ గోలి డోసు పెరుగుతూనే ఉంటే పేగు ఏదీ సరిగా పీల్చుకోవడం లేదేమో చూడాలి, గోధుమ పడని సీలియాక్ జబ్బు వాటిలో ఒకటి.

డబ్బా మీద అంకె, కంచంలో అంకె

డబ్బా మీద 1000 అని పెద్దగా రాసుంటే అది మెగ్నీషియం గ్లైసినేట్ బరువు. అందులో అసలు మెగ్నీషియం 14 శాతం, అంటే 140 మిల్లీగ్రాములు. సిట్రేట్‌లో సుమారు 16 శాతం. ఆక్సైడ్‌లో 60 శాతం, కాకపోతే అది ఒంటికి తక్కువ పట్టి విరేచనం ఎక్కువ చేస్తుంది. వెనకవైపు ఎలిమెంటల్ అని రాసిన అంకె కోసం చూడండి. అది రాయని డబ్బాను నేనైతే కొనను. తిండి కాకుండా గోలీల ద్వారా తీసుకునేదానికి అమెరికాలో పెట్టిన పై హద్దు రోజుకు 350 మిల్లీగ్రాములు, ఐరోపాలో 250.

కిడ్నీ బాగుంటే ఎక్కువైనది మూత్రంలో పోతుంది, మహా అయితే విరేచనాలు. కిడ్నీ బాగాలేకపోతే అదే మెగ్నీషియం పేరుకుపోతుంది. వరంగల్ సీకేఎం లాంటి ప్రసూతి ఆసుపత్రుల్లో గుర్రపు వాతం, అంటే గర్భంతో ఉన్నప్పుడు బీపీ పెరిగి వచ్చే ఫిట్స్, వచ్చిన గర్భిణికి మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ ఇస్తారు. ఇచ్చేటప్పుడు మోకాలి మీద సుత్తితో తట్టి చూస్తారు, మూత్రం ఎంత వస్తోందో, ఊపిరి ఎన్నిసార్లు తీస్తోందో లెక్కపెడతారు. మెగ్నీషియం ఎక్కువైతే ముందు ఆ తట్టుకు కాలు ఎగరడం ఆగిపోతుంది, ఆ తర్వాత ఊపిరికే ఎసరు. ప్రాణం కాపాడే మందే, లెక్క తప్పితే ప్రాణం మీదికి తెస్తుంది. అందుకని షుగర్, బీపీ చాలాకాలంగా ఉన్నవాళ్లు, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగినవాళ్లు ఆన్‌లైన్ డబ్బా తెరవడానికి ముందు కిడ్నీ టెస్ట్ చూపించుకోవాలి. మెగ్నీషియం టెస్ట్ కన్నా క్రియాటినిన్ టెస్టే ముందు చేయించుకోమంటాను నేను.

తిండి సంగతికొస్తే మనది మరీ బీద కంచమేం కాదు, మనమే దాన్ని తెల్లగా పాలిష్ పట్టించాం. 100 గ్రాముల పాలిష్ బియ్యంలో మెగ్నీషియం 20 మిల్లీగ్రాముల చుట్టూ ఉంటే జొన్నల్లో సుమారు 130 ఉంటుంది. నువ్వుల్లో 350 దాకా. తోటకూర, పెసర్లు, బబ్బెర్లు, పల్లీలు, గుమ్మడి గింజలు అన్నీ మంచివే. నువ్వులూ పల్లీలూ వేసి గంజులో ఒత్తిన సర్వపిండిని ఎవరూ సప్లిమెంట్ అనరు గానీ, సాదా అన్నం కన్నా అందులో మెగ్నీషియం ఎక్కువే. ఇప్పుడు హన్మకొండలో సాయంత్రమైతే ఏ రోడ్డు పక్కన చూసినా జొన్నరొట్టెలు చేసే ఆడవాళ్లు కనిపిస్తున్నారు. షుగర్ పుణ్యాన జొన్న తిరిగొచ్చింది. థైరాయిడ్ వాళ్లు సజ్జలు ముట్టొద్దని కొందరు భయపెడతారు. అయోడిన్ దొరకని ప్రాంతాల్లో సజ్జలే ప్రధాన తిండిగా తిన్నవాళ్ల గురించి వచ్చిన మాట అది. అయోడిన్ ఉప్పు వాడుతూ వారానికి రెండు సజ్జ రొట్టెలు తింటే కొంపేం మునగదు.

నీళ్లలోనూ కొంత ఉంటుంది. గిన్నెలకు తెల్లటి చారలు కట్టే బోరు నీళ్లలో ఆ గట్టిదనం క్యాల్షియం, మెగ్నీషియంల వల్లే. తాగునీటిలో మెగ్నీషియం లీటరుకు 30 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చని మన భారత ప్రమాణం. ఆర్‌ఓ మెషిన్‌లోంచి వచ్చే క్యాన్ నీళ్లలో అది చాలా వరకు పోతుంది. అట్లని ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు తాగమని నేను చెప్పడం లేదు.

అక్క టైం టేబుల్

సంచి మొత్తం పట్టుకుని అక్కను డాక్టర్ దగ్గరికి పంపా. ఆయన సిరప్‌లు చూసి కాసేపు ఏమీ అనలేదట. గ్యాస్ గోలి ఎప్పుడు ఎందుకు మొదలుపెట్టావని అడిగితే అక్కకు గుర్తు లేదు. నాలుగేళ్ల కింద ఏదో జ్వరానికి రాసిన మందుల్లో అదీ ఉంది, జ్వరం పోయింది, అది ఉండిపోయింది. మెల్లగా తగ్గించి ఆపమన్నారు. థైరాయిడ్ గోలి పొద్దున అయిదింటికి ఒక్కటే, గ్లాసు నీళ్లతో. చాయ్ గంట తర్వాత. క్యాల్షియం మధ్యాహ్నం అన్నం తిన్నాక. మలబద్ధకానికి సిరప్ మాన్పించి ఇసబ్గోల్ ఇచ్చారు, అదీ థైరాయిడ్ గోలికి దూరంగా రాత్రిపూట. గోలి డోసు 100 నుంచి మళ్లీ 88కి దించారు.

కొందరు థైరాయిడ్ గోలీని రాత్రి పడుకునేటప్పుడు, అన్నం తిన్న మూడు గంటల తర్వాత వేసుకుంటారు. అదీ బాగానే పనిచేస్తుందని 2010లో నెదర్లాండ్స్‌లో చేసిన ప్రయోగం చూపించింది. అట్లా వేసుకునేవాళ్లు నిద్ర కోసమని మెగ్నీషియంను కూడా అదే టైముకు మింగుతారు. వాళ్లకు మెగ్నీషియం మధ్యాహ్నానికి మారాలి.

ఎనిమిది వారాల తర్వాత శాంపిల్ నేనే తీశా. టీఎస్‌హెచ్ 3.4. అక్క పట్టుబట్టింది కాబట్టి మెగ్నీషియం కూడా పెట్టా. 1.9 వచ్చింది. విటమిన్ డి మాత్రం తక్కువగా 12 వచ్చింది, దానికి డాక్టర్ వేరే మందు రాశారు. పిక్కలు ఇంకా వారానికోసారి పడుతున్నాయట, ముందు రోజూ పట్టేవి.

"మరి ఈ డబ్బాను ఏం చేయాలె తమ్మీ?" అంది. సీలు తీయలేదు కదా, వాపస్ తీసుకుంటారేమో బిడ్డను అడగమన్నా. వాపస్ గడువు సంక్రాంతి నాడే అయిపోయిందట.